స్కాట్లాండ్ పల్లెలో పూర్వీకుల్ని వెతకాలంటే ఏది మేలు: సర్టిఫికెట్టా, చర్చి పుస్తకమా, సమాధి రాయా?

మా అబ్బాయి స్కాట్లాండ్ అమ్మాయిని చేసుకున్నాడు. మా వియ్యపురాలిది అబర్డీన్‌షైర్‌లో హంట్లీ దగ్గర ఒక పల్లె, పెరట్లో నిలబడితే ట్యాప్ ఓ నోత్ కొండ కనిపిస్తుంది. వాళ్ల పెద్దలు పొలాల్లో పాలేర్లుగా చేసినవాళ్లు, సెంటు భూమి కూడా ఉండేది కాదు. ఆవిడకి నాయనమ్మ దాకా తెలుసు, ఆపైన అంతా చీకటి. మా మనవరాలి కోసం ఇద్దరం కూర్చుని రెండేళ్లు వెతికాం. ఎవరైనా ఇదే పని మొదలుపెడుతుంటే దేన్ని ఎంత నమ్మాలో నేను చూసినంతలో చెప్తాను.

మొదలు మాత్రం సర్టిఫికెట్లతోనే పెట్టండి, ఇందులో నాకు రెండో మాట లేదు. స్కాట్లాండ్‌లో ప్రభుత్వం జనన మరణాలు, పెళ్లిళ్లు నమోదు చేయడం 1855 జనవరి 1న మొదలైంది, మొదలుపెట్టినవాళ్లెవరో గాని చాలా శ్రద్ధగా పెట్టారు. మరణం నమోదులో పోయినవాళ్ల తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి, అందులోనూ తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. అంటే 1860లో డెబ్బై ఏళ్ల ముసలావిడ పోతే, ఆ ఒక్క కాగితం మిమ్మల్ని 1790కి అవతల పుట్టినవాళ్ల దగ్గరికి తీసుకెళ్తుంది! పక్కనున్న ఇంగ్లండ్‌లో ఆ కాలపు మరణ సర్టిఫికెట్లలో ఇది దొరకదు. 1855 ఒక్క ఏడాది ఇంకా ఎక్కువ వివరాలు అడిగారు, రాసేవాళ్లకి భారమైందని మరుసటి ఏడాదే తగ్గించారు, కాబట్టి మీవాళ్లెవరైనా ఆ ఏడాది రిజిస్టర్‌లో ఉంటే అదృష్టమే.

కానీ ఒక జాగ్రత్త. చనిపోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా, ఆ వివరాలు చెప్పింది ఎవరో కింద సంతకం చూడండి. కొడుకైతే ఒక తీరు, అల్లుడైతే ఒక తీరు. పెళ్లి నమోదులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు తమ తల్లిదండ్రుల పేర్లు తామే చెప్తారు గనక రెండూ పొసగకపోతే నేను పెళ్లి కాగితం వైపే మొగ్గుతాను. స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేర్లు వెతకడం ఉచితం, అసలు పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. వందేళ్లు దాటని జననాలు, డెబ్బై ఐదేళ్లు దాటని పెళ్లిళ్లు, యాభై ఏళ్లు దాటని మరణాల పేజీలు ఆన్‌లైన్‌లో చూపించరు. ఊళ్లో సగంమందికి ఒకటే ఇంటిపేరు ఉంటే ఒక్కో పేజీ కొనుక్కుంటూ పోవడం కన్నా ఎడిన్‌బరోలో జనరల్ రిజిస్టర్ హౌస్‌కి వెళ్లి, రోజుకింత అని కట్టి అక్కడే ఈ రికార్డులు చూస్తూ కూర్చోవడం మేలు.

1855కి ముందు సంగతి వేరు. అప్పుడున్నవి స్కాట్లాండ్ చర్చి పారిష్ రిజిస్టర్లు (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం). అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరోల్‌ది, 1553 నాటిది, కానీ చాలా ఊళ్లలో వందేళ్లో రెండొందల ఏళ్లో ఆలస్యంగా మొదలవుతాయి. బాప్తిస్మం రాసేవారు, పెళ్లి ప్రకటన రాసేవారు, చావులు రాసింది తక్కువ. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్ను ఉండేది, పేదవాళ్లు ఎందుకు రాయించుకుంటారు? 1843లో చర్చి రెండుగా చీలిపోయి ఫ్రీ చర్చి వచ్చాక అటు వెళ్లినవాళ్లు ఈ పుస్తకాల్లో సాధారణంగా కనపడరు. దానికి తోడు పాలేర్లు ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం మార్చుకుని వేరే పొలానికి వెళ్లిపోయేవాళ్లు, అన్న ఒక పారిష్‌లో పుడితే చెల్లెలు ఇంకో పారిష్‌లో. ఇక్కడ జనాభా లెక్కలు ఆదుకుంటాయి. 1851 నుంచి పుట్టిన పారిష్ పేరు రాశారు. 1841 లెక్కల్లో మాత్రం పదిహేను దాటినవాళ్ల వయసుని ఐదేసి లెక్కన కిందికి తగ్గించి రాశారు (ముప్పై తొమ్మిదైతే ముప్పై ఐదని), దాన్ని పట్టుకుని పుట్టిన సంవత్సరం తేల్చకండి.

సమాధి రాళ్ల గురించి ఎక్కువ చెప్పను. చూడ్డానికి వెళ్లండి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అక్షరాలు బాగా కనిపిస్తాయి, నాచు గీకకండి. భార్య పేరు కూడా పుట్టింటి ఇంటిపేరుతోనే చెక్కడం నాకు భలే నచ్చింది. అయితే పాలేర్లలో ఎక్కువమందికి రాయి పెట్టే స్తోమత ఉండేది కాదు. ఇక ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌గా దొరికే వంశవృక్షాలు అన్నిటికన్నా కింద. మా వియ్యపురాలి వంశానికి అలాంటి చెట్టు ఒకటి దొరికింది, అందులో ఒక తల్లి తొమ్మిదేళ్లకే బిడ్డను కన్నట్టుంది, దాన్నే మరో పదిమంది కాపీ చేసుకున్నారు.

మాకు అసలు దారి చూపింది చర్చి పెద్దల పంచాయితీ పుస్తకం, అక్కడివాళ్లు కిర్క్ సెషన్ అంటారు. వియ్యపురాలి నాయనమ్మకి అమ్మమ్మ 1831లో పుట్టింది. మొదటి ఆడపిల్లకి తల్లి తల్లి పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ, మన దగ్గర తాతపేరు మనవడికి పెట్టినట్టే, నాయనమ్మదీ ఆ పేరే కావడంతో ఆవిణ్ని పట్టుకోగలిగాం. పెళ్లి 1852లో, కాబట్టి చర్చి పుస్తకంలో వధూవరుల పేర్లే ఉన్నాయి. 1889లో పోయినప్పుడు అల్లుడు చెప్పాడు, తండ్రి గడి ఖాళీ. బాప్తిస్మం దగ్గర తల్లి పేరొక్కటే.

పెళ్లి కాకుండా బిడ్డ పుడితే తల్లిని పంచాయితీ ముందుకి పిలిచి తండ్రెవరో చెప్పించేవాళ్లు, ఎందుకంటే అతను పోషించకపోతే ఆ బరువు పారిష్ పేదల నిధి మీద పడుతుంది. ఈ పుస్తకాల్లో చాలావాటిని 2021 నుంచి స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఉచితంగా చూడొచ్చు. పేర్ల సూచిక లేదు, పేజీ పేజీ చదవాలి. మేం రాత్రిపూట ఫోన్లో మాట్లాడుకుంటూ ఇద్దరం ఒకే పేజీ తెరిచి చదివేవాళ్లం. పదకొండో రాత్రి దొరికింది. 1831లో ఆ బిడ్డను కన్న అమ్మాయి ఒక దున్నేవాడి పేరు చెప్పింది, అతను మొదటిసారి కాదన్నాడు, రెండోసారి పిలిస్తే ఒప్పుకున్నాడు. ఆ మాట కింద గుమాస్తా సిరా ఒలికిన మచ్చ ఉంది.

వియ్యపురాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మనవరాలికి ఇచ్చే కాగితంలో ఈ పేరు రాద్దాం, ఆ అమ్మాయి అంతమంది మగవాళ్ల ముందు నిలబడి చెప్పింది కదా అంది.