పార్క్‌రన్: శనివారం తొమ్మిదింటికి, ఐదు కిలోమీటర్లు, ఫీజు లేకుండా

"వ్యాయామం మొదలుపెడతాం గానీ నెల తిరక్కుండానే ఆగిపోతోంది" అని యూకేలో ఉండే మనవాళ్లు ఎవరన్నా నేను వెంటనే చెప్పే పేరు పార్క్‌రన్. మా ఇంట్లో అందరం వెళ్తున్నాం, ఇంతకాలం ఆగకుండా సాగిన వ్యాయామం నాకు ఇదొక్కటే, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో అయితే తొమ్మిదిన్నరకి, ఊళ్లో ఒక పార్కులో జనం చేరతారు. పరిగెత్తేవాళ్లు పరిగెత్తుతారు, నడిచేవాళ్లు నడుస్తారు, మొత్తం ఐదు కిలోమీటర్లు. వెబ్‌సైట్‌లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు, ఆ తర్వాత ఏ ఊరి పార్క్‌రన్‌కి వెళ్లినా అదే పనిచేస్తుంది, ఆస్ట్రేలియాలో ఉన్న అక్కావాళ్లింటికి వెళ్లినా సరే. చివర గీత దాటగానే చేతిలో ఒక టోకెన్ పెడతారు, దాన్నీ మన బార్‌కోడ్‌నీ స్కాన్ చేస్తారు, మీ టైమ్ మెయిల్‌లో వస్తుంది. ఫీజు లేదు, ముందుగా బుకింగ్ లేదు, ఈ వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు లేరు.

ఇదే ఎందుకు నిలిచింది అంటే, నా అనుభవంలో మనిషిని ఆపేది బద్ధకం ఒక్కటే కాదు. ప్రతిరోజూ కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సి రావడం అంతకంటే పెద్ద అడ్డం. ఇవాళ వెళ్లాలా, ఎన్నింటికి, ఎంతసేపు, ఏ మెషీన్ మీద అని ఆలోచించేలోపే ఆఫీసు కాల్ వచ్చేస్తుంది. పార్క్‌రన్‌లో ఆ నిర్ణయాలన్నీ ముందే అయిపోయి ఉంటాయి. రోజు మారదు, టైమ్ మారదు, దూరం మారదు, మనం చేయాల్సింది బూట్లు వేసుకుని వెళ్లడమే. నాలుగు వారాలు పోయేసరికి ముఖాలు గుర్తుపడతారు. పేర్లు తెలియకపోయినా "పోయిన వారం కనపడలేదే" అంటారు, ఆ మాట చాలు వానలో కూడా లేచి వెళ్లడానికి.

రెండో సంగతి, నాకు అన్నిటికంటే నచ్చింది: ఇక్కడ ఎవరూ ఆఖరున రారు. టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ ఉంటారు, అందరికంటే వెనక నడవడమే వాళ్ల పని. మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తానంటే "నేను చివర్లో పడితే వాళ్లందరూ నా కోసం ఆగాలేమోనమ్మా" అని మొహమాటపడ్డారు. చుడీదార్ మీద స్వెటర్, కాళ్లకి నా పాత బూట్లు వేసుకుని వచ్చారు. ఆవిడ పక్కనే ఆ వాలంటీరు మాట్లాడుతూ నడిచింది, ఒకరి భాష ఒకరికి సగమే అర్థమైనా ఇద్దరూ ఆగలేదు. గీత దగ్గర నిలబడినవాళ్లు మొదట వచ్చిన కుర్రాడికి ఎంత గట్టిగా చప్పట్లు కొట్టారో ఆవిడకీ అంతే గట్టిగా కొట్టారు. మర్నాటి నుంచే "మళ్లీ శనివారం ఎప్పుడు" అని మొదలుపెట్టారు. అమ్మనో నాన్ననో ఆరు నెలల వీసా మీద తెచ్చుకుని, వాళ్లు ఇంట్లో కూర్చుని దిగులు పడుతున్నారని బాధపడేవాళ్లు ఇది తప్పకుండా ప్రయత్నించండి.

2004 అక్టోబర్ 2న లండన్ నైరుతి భాగంలో, టెడ్డింగ్‌టన్‌లోని బుషీ పార్క్‌లో పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టినప్పుడు పరిగెత్తింది 13 మందే. ఆయన స్వయంగా పరుగు పిచ్చి ఉన్న మనిషి, కానీ అప్పుడు గాయంతో పరిగెత్తలేని పరిస్థితి. స్నేహితులకి దూరం కాకూడదని వాళ్లని పరిగెత్తించి తను టైమ్ రాసుకున్నారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. మోకాలు నొప్పి వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా వాలంటీర్‌గా వెళ్లొచ్చు, టోకెన్లు పంచొచ్చు, మలుపు దగ్గర జాకెట్ వేసుకుని నిలబడి దారి చూపొచ్చు. నాకు మడమ నొప్పి వచ్చిన రోజుల్లో అలాగే చేశాను, శనివారం అలవాటు తెగలేదు. జిమ్‌లో అయితే దెబ్బ తగిలిన నెలతోనే కథ ముగుస్తుంది. 2018 నుంచి ఇక్కడి జీపీల (అంటే ఫ్యామిలీ డాక్టర్ల) రాయల్ కాలేజీ కూడా పార్క్‌రన్‌తో కలిసి పనిచేస్తోంది, జీపీ సర్జరీలు, అంటే ఆ డాక్టర్ల క్లినిక్‌లు, దగ్గర్లోని పార్క్‌రన్‌తో జత కట్టి పేషెంట్లని వెళ్లమని చెప్తున్నాయి. షుగర్, బీపీ మన ఇళ్లలో ఎంత మామూలో తెలిసిందే కదా.

2024లో వెబ్‌సైట్ నుంచి అత్యంత వేగంగా పరిగెత్తినవాళ్ల రికార్డుల జాబితాలు తీసేశారు, దాని మీద పెద్ద గొడవే అయింది. నేను మాత్రం తీసేయడమే మంచిదంటాను. మన టైమ్ మనకి ఎలాగూ వస్తుంది, కొత్తగా వచ్చేవాళ్లకి ఆ జాబితా చూస్తే భయమే తప్ప లాభం లేదు. 25, 50, 100 పార్క్‌రన్‌లు, ఇలా మైలురాళ్లు దాటినవాళ్లకి ప్రత్యేక టీషర్టులు ఉన్నాయి, కానీ ఇప్పుడు కొనుక్కోవాలి.

లోట్లు కూడా చెప్పాలి. వారానికి ఒక్కసారి చాలదు. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ తీవ్రత ఉన్న వ్యాయామం, రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఐదు కిలోమీటర్లు నడిస్తే దాదాపు గంట, అంటే సగం కూడా కాదు. మిగతాది మనం వేరే రోజుల్లో చూసుకోవాలి, పార్క్‌రన్ అందులో సాయం చేయదు. ఎలా పరిగెత్తాలో నేర్పేవాళ్లు కూడా ఉండరు. ఆ లోటుకి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వాళ్ల కౌచ్ టు 5కే యాప్, అంటే అసలు పరిగెత్తనివాళ్లని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లేది, బాగుంటుంది, అది కూడా ఉచితమే. తొమ్మిది వారాలు, వారానికి మూడుసార్లు, మొదటి వారం నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. రెండూ కలిపితే పరుగు వరకు ఇంకేం అక్కర్లేదు, కండరాల వ్యాయామం మాత్రం విడిగా చూసుకోవాలి. ఇక శనివారం పిల్లల్ని తెలుగు క్లాసుకి దింపాల్సినవాళ్లకి తొమ్మిది గంటల టైమ్ కుదరకపోవచ్చు. డిసెంబర్, జనవరిల్లో చలి, బురద గట్టిగానే ఉంటాయి, బూట్ల విషయంలో పిసినారితనం వద్దు.

వెళ్లేముందు రెండు మాటలు. బార్‌కోడ్ ఫోన్‌లో ఉన్నా ఒక కాపీ ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి, బార్‌కోడ్ అసలు లేకపోతే టైమ్ రాదు. మొదటిసారి వచ్చేవాళ్లకి మొదలయ్యే ముందు దారి వివరిస్తారు, కాబట్టి ఓ పావుగంట ముందే చేరండి. పదకొండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల చెయ్యి అందేంత దగ్గరలో ఉండాలి. వాళ్లకి ఐదు కిలోమీటర్లు ఎక్కువ అనిపిస్తే కొన్ని పార్కుల్లో ఆదివారం నాలుగు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి రెండు కిలోమీటర్ల జూనియర్ పార్క్‌రన్ ఉంటుంది, మా చిన్నవాడు అక్కడే మొదలుపెట్టాడు.