మల మార్పిడి చికిత్స: పైసలు దేనికి పెట్టాలి, దేనికి వద్దు

నల్లగొండ, పాలమూరు నుంచి పెద్దపేగు జబ్బులతో హైదరాబాద్ దవాఖానలకు పోయేవాళ్లకు ఈమధ్య ఎఫ్ఎంటీ, అంటే మల మార్పిడి చికిత్స, పేరు చెబుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని సెలైన్‌లో కలిపి, వడగట్టి, రోగి పేగులోకి ఎక్కించడమే ఇది. వినడానికి రోతగా ఉన్నా ఒక్క జబ్బుకు మాత్రం దీనికి తిరుగులేదు: యాంటీబయాటిక్స్ వాడాక మొదలై, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే సీ డిఫ్ (పేగులో పెరిగే ఒక బ్యాక్టీరియా) విరేచనాలు. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో 16 మందిలో 13 మందికి ఒక్క విడతకే తగ్గింది. సీ డిఫ్‌కు ఇచ్చే యాంటీబయాటిక్ వాంకోమైసిన్ ఒక్కటే వాడిన 13 మందిలో నలుగురికే తగ్గింది.

అల్సరేటివ్ కొలైటిస్‌కైతే (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) కొందరికే పనిచేస్తుంది, అదీ పలు విడతలు ఎక్కిస్తేనే. గ్యాస్‌కు, ఐబీఎస్‌కు (కడుపునొప్పితో విరేచనాలో మలబద్ధకమో వస్తూపోతూ ఉండే సమస్య) ప్యాకేజీ అంటే లేచి వచ్చేయండి.

మీరిచ్చే పైసలకు అసలు సరుకు దాత పరీక్షలే. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, పేగు పురుగులు, సీ డిఫ్, వీటితోపాటు మందులకు లొంగని బ్యాక్టీరియా. 2019లో అమెరికాలో ఈ చివరి పరీక్ష చేయని మలం ఎక్కించడంతో ఇద్దరికి ఇన్ఫెక్షన్ సోకి, ఒకరు చనిపోయారు. ‘మా తమ్ముడిదే కదా, పరీక్షలెందుకు’ అంటే కుదరదు. ఏయే పరీక్షలు, ఏ తేదీన చేశారో కాగితం మీద అడగండి. తాజా మలమైతే సుమారు 50 గ్రాములు తీసుకుని ఆరు గంటల్లోపు వాడాలి. నిల్వ చేసేదైతే గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి.

మలం ఎక్కించడానికి ఒకటి రెండు రోజుల ముందే వాంకోమైసిన్ ఆపిస్తారు. పేగు కడిగే మందు తాగి నల్లగొండలో బస్సెక్కితే చౌటుప్పల్ కూడా దాటలేరు. ముందురోజే వెళ్లి లెట్రిన్ ఉన్న గది తీసుకోండి. ఎనిమాతో ఎక్కించడం చవకే గానీ ద్రవం లోపల నిలవక బయటికొచ్చేస్తుంది, చాలాసార్లు ఫెయిలయ్యేది అక్కడే. కొలనోస్కోపీతో, అంటే మలద్వారం నుంచి పంపే కెమెరా గొట్టంతో, పెద్దపేగు మొదటి భాగం దాకా పోస్తారు. మత్తు ఇస్తారు కాబట్టి వెంట ఒక మనిషి ఉండాలి.

ఒకటి రెండు రోజులు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి మామూలే. జ్వరం ఎక్కువైనా, రక్తం పడినా ఆగకుండా వెంటనే దవాఖానకు పోండి. ఆ తర్వాత జలుబు చేసిందని ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ వేయించుకుంటే పెట్టిన ఖర్చంతా బూడిదపాలు కావచ్చు. విరేచనాలు ఆగాక మళ్లీ సీ డిఫ్ పరీక్ష కూడా వద్దు. నయమైనవాళ్లకూ పీసీఆర్ (బ్యాక్టీరియా జన్యువును పట్టే పరీక్ష) పాజిటివ్ రావచ్చు, దాన్ని చూసి అక్కర్లేని మందులు మళ్లీ మొదలుపెడతారు.