లాంకాస్టర్ నిలువు గడియారం: ఏళ్ల తరబడి వాడాక

పెన్సిల్వేనియాలోని మా ఇంట్లో 1800 ప్రాంతపు లాంకాస్టర్ కౌంటీ నిలువు గడియారంతో (నేల మీద నిలబడే, ఎత్తైన చెక్క పెట్టెలో ఉండే లోలకపు గడియారం) చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నాం. ఇలాంటిది కొనాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట: డయల్ మీద పేరు చూసి మురిసిపోకండి, పెట్టె చూసి డబ్బు పెట్టండి.

డయల్ మీద ఉండేది గడియారం తయారుచేసి అమ్మినతని పేరు. అంతమాత్రాన అన్నీ అతని చేతి పనే అనుకోవడానికి లేదు. మాది పూలు గీసిన తెల్లటి డయల్. దాని వెనక ఇనుప పలక మీద ‘ఆస్‌బోర్న్’ అని పోత అక్షరాలున్నాయి, అంటే అది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి ఓడలో వచ్చిన సరుకు. ఆ కాలంలో ఇలాంటి డయల్స్ చాలావరకు అక్కడివే. ఇత్తడి భాగాలూ కొన్ని అలాగే వచ్చేవి. ఊరి వడ్రంగి పనితనం కనిపించేది పెట్టెలోనే.

మా పెట్టె గట్టి వాల్‌నట్ చెక్క. నెత్తిన హంస మెడల్లా వంగిన రెండు కొమ్ములు, వాటి చివర చెక్కిన పువ్వులు, మూలల్లో నిలువునా పావు వంతు మాత్రమే కనిపించే గుండ్రటి స్తంభాలు. జర్మన్ మూలాలున్న వడ్రంగుల పని, బరువు చూస్తేనే తెలుస్తుంది. అదే బోస్టన్ పక్క రాక్స్‌బరీలో సైమన్ విల్లర్డ్ గడియారాలైతే మహాగనితో సన్నగా ఉంటాయి. స్తంభాల గాడుల్లో ఇత్తడి కడ్డీలు, పైన జాలీ పని, ఇత్తడి బంతులు ఉంటాయి. అందంలో వాటిదే పైచేయి, ధరలోనూ అంతే!

కనెక్టికట్ రాష్ట్రానిది వేరే దారి. అక్కడ గడియారాలు చేసే ఈలై టెర్రీ 1807 ప్రాంతంలో 4000 చెక్క గడియార యంత్రాలు చేసిస్తానని ఒప్పందం కుదుర్చుకుని, నీటి శక్తితో నడిచే యంత్రాల మీద చేసిచ్చాడు. ఓక్ పలకలు, చెర్రీ చక్రాలు. ఊరూరా తిరిగే వర్తకులు పెట్టె లేకుండా యంత్రం మాత్రమే అమ్మేవారు, కొన్నవాళ్లే పెట్టె చేయించుకునేవారు. మా స్నేహితుడి ఇంట్లో అలాంటిదే ఉంది. రోజూ తాడు లాగాలి, వానాకాలపు తేమకి మొండికేస్తుంది. మాది ఎనిమిది రోజుల ఇత్తడి యంత్రం, ఆదివారం కీ ఇస్తే వారమంతా దిగుల్లేదు.

రోజువారీ వాడకంలో నాకు నచ్చింది గంట కొట్టే తీరు. గంటకు కొన్ని నిమిషాల ముందే లోపల ‘టక్’మని ఒక మీట లేస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు అది విని గంట కొట్టేస్తుందనుకుని మాట ఆపేస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లయితే సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం గుర్తుకొచ్చి “బొమ్మ బయటికి రాదా?” అని అడుగుతారు. రాదు. డయల్ పైనున్న చంద్రుడు మాత్రం రోజూ కాస్త జరుగుతూ ఇరవై తొమ్మిదిన్నర రోజులకి అమావాస్య నుంచి అమావాస్యకి వస్తాడు.

టైమ్ విషయంలో ఫోన్‌తో పోల్చకండి. లోలకం దాదాపు మీటరు పొడవుంటుంది, దాని కడ్డీ ఎండకి సాగితే గడియారం వెనకబడుతుంది. వేసవిలో కింది మరను కొద్దిగా బిగించి, చలికాలంలో వదులు చేస్తే సరిపోతుంది.

ఇబ్బందుల్లో మొదటిది చలికాలపు హీటర్. గాలి ఎండిపోయి పక్క పలక బీట తీసింది, అప్పటినుంచి ఆ గదిలో గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ తప్పనిసరి. రెండోది రిపేరు. ఒకాయన వచ్చి చక్రాల పళ్లకు కూడా నూనె పట్టించి వెళ్లాడు. నూనె ఇరుసులు తిరిగే రంధ్రాల్లోనే పడాలి. పళ్లకు పూస్తే దుమ్ము అంటుకుని ఆకురాయిలా అరిగించేస్తుంది. యంత్రం మొత్తం విప్పి శుభ్రం చేయించడానికి మరో మనిషిని వెతుక్కునేదాకా టెన్షనే.

ముదురు రంగు పాత చెక్క సామాను ధరలు ఒకప్పటితో పోలిస్తే బాగా పడ్డాయి, ఓపికుంటే వేలంలో మంచిది దొరుకుతుంది. వెళ్లేముందు పెన్సిల్వేనియాలోనే కొలంబియా ఊళ్లో ఉన్న నేషనల్ వాచ్ అండ్ క్లాక్ మ్యూజియం ఒకసారి చూడండి, ఏ ప్రాంతపు పని ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. ఇంటి పైకప్పు ఎత్తు కొలుచుకోండి. పాతకాలంలో తక్కువ ఎత్తు గదుల్లో పట్టించడానికి కాళ్లు కోసేసినవి చాలా ఉన్నాయి. తర్వాత డయల్‌ను కప్పి ఉండే పై గూడు తీయించి, యంత్రం కూర్చున్న పలక చూడండి. అక్కడ అక్కరలేని రంధ్రాలో కొత్త చెక్క ముక్కలో కనిపిస్తే, ఒక గడియారం యంత్రాన్ని మరోదాని పెట్టెలో పెట్టారేమోనని అనుమానించాలి. అలాంటిది సగం ధరకిచ్చినా నేనైతే కొనను.