అరవైల యూరప్ హారర్: జర్మన్ క్రిమీలు మేలా, ఇటలీ సినిమాలు మేలా?

హిచ్‌కాక్ అయిపోయాడు, బ్రిటన్‌లో హామర్ సంస్థవాళ్ళ డ్రాకులాలూ అయిపోయాయి. ఆ తర్వాత చాలామందికి వచ్చే సందేహం ఒకటే. అదే కాలంలో యూరప్‌లో మిగతాచోట్ల తీసిన థ్రిల్లర్లు, హారర్లు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? జాబితాలకి కొదవేం లేదు. కానీ వాటిలో ఇటలీ, స్పెయిన్, జర్మనీ, ఫ్రాన్స్ అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఈ సినిమాలు ఒక్కో దేశంలో ఒక్కో లెక్క మీద తయారయ్యాయి. ఒకదాంట్లో ఉండేదాన్ని ఇంకోదాంట్లో వెతికితే అరగంటకే విసుగొచ్చి ఆపేస్తారు. ‘ఓల్డ్ హారర్ బోర్’ అనేవాళ్ళలో సగం మంది ఇలా ఆపేసినవాళ్ళేనని నా అనుమానం.

నా లెక్కలో అసలు పోటీ రెండింటి మధ్యే. ఎడ్గార్ వాలెస్ నవలల మీద పశ్చిమ జర్మనీలో వరసపెట్టి తీసిన ‘క్రిమీ’లు, అంటే క్రైమ్ థ్రిల్లర్లు, ఒకవైపు. దర్శకుడు మారియో బావా, ఆయన తోటివాళ్ళు ఇటలీలో తీసిన గోథిక్ సినిమాలు (పాత కోటలు, శాపాలు, దయ్యాల కథలు), ‘జాలో’ అనే హత్యల మిస్టరీలు ఇంకోవైపు.

క్రిమీలో ఏముంది

వాలెస్ ఇంగ్లీషు రచయిత. 1932లో హాలీవుడ్‌లో ‘కింగ్ కాంగ్’ స్క్రిప్టు పని మీద ఉండగా చనిపోయాడు. ఆయన నవలలకి జర్మనీలో మహా గిరాకీ. 1959లో రియాల్టో అనే సినిమా నిర్మాణ సంస్థ హరాల్డ్ రైన్ల్ దర్శకత్వంలో కప్ప ముసుగు దొంగ కథ ఒకటి తీసింది. అది బాగా ఆడింది. ఇక 1972 దాకా ఆ సంస్థ ఆగలేదు, 30కి పైగా సినిమాలు వదిలింది. వాటిలో 14 ఆల్ఫ్రెడ్ ఫోరర్ ఒక్కడే తీశాడు.

కథ చాలావరకు లండన్‌లోనే. షూటింగ్ మాత్రం హాంబర్గ్‌లో, బెర్లిన్‌లో. మొదటి రెండైతే కోపెన్‌హాగన్‌లో. బిగ్ బెన్ షాట్ ఒకటి వేస్తారు, పొగమంచు వదులుతారు, అదే లండన్ అనుకోవాలి. ముసుగు వేసుకున్న ముఠా నాయకుడు, ఆస్తి రాబోతున్న అమ్మాయి, ఆ అమ్మాయికి కాపలాగా స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్, కామెడీకి ఎడ్డీ ఆరెంట్, కళ్ళలోనే నేరం కనిపించే క్లాస్ కిన్‌స్కీ. ఈ కిన్‌స్కీ మీద మనకి మొదటి సీన్ నుంచే అనుమానం వస్తుంది. అందుకే చాలాసార్లు హంతకుడు అతను కాడు. చాలా సినిమాల మొదట్లో తుపాకీ మోతల మీద ఒక గొంతు వినిపిస్తుంది: ‘హలో, ఎడ్గార్ వాలెస్‌ని మాట్లాడుతున్నాను’. చనిపోయిన రచయిత ఫోన్ చేసినట్టన్నమాట. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని తెల్లారేదాకా చదివినవాళ్ళకి ఇందులో ఏదీ కొత్తగా అనిపించదు. హాయిగా సర్దుకుని కూర్చుంటారు.

ఫోరర్ 1961లో తీసిన ‘డెడ్ ఐస్ ఆఫ్ లండన్’ చూడండి. డబ్బున్న ముసలాళ్ళు పొగమంచు రాత్రుల్లో మాయమై థేమ్స్ నదిలో శవాలై తేలుతుంటారు. ఒక శవం దగ్గర బ్రెయిలీ అక్షరాలున్న కాగితం ముక్క దొరుకుతుంది. ఇన్సూరెన్సు డబ్బు, గుడ్డివాళ్ళ ఆశ్రమం, బోడిగుండు రాక్షసుడిలాంటి గుడ్డి జాక్, అన్నీ ఒకదానికొకటి ముడిపడతాయి. ఇంతవరకూ మామూలే. మధ్యలో ఒక పెద్దమనిషి నోరు కడుక్కునే షాట్ ఉంది. కెమెరా ఆయన నోటి లోపలుంటుంది! పళ్ళ వరస వెనకనుంచి బయటికి చూస్తున్నాం, నీళ్ళ ధార మనమీదికే వస్తోంది. కథకి ఆ షాట్‌తో ఏ పనీ లేదు. ఫోరర్‌కి సరదా పుట్టింది, తీశాడు. క్రిమీల్లో నాకు నచ్చేది ఈ అల్లరే. పీటర్ థామస్ సంగీతం ఇచ్చినవాటిలో ఈ అల్లరి ఇంకో మెట్టు పైన ఉంటుంది: జాజ్ మధ్యలో అరుపులు, మూలుగులు, విచిత్రమైన చప్పుళ్ళు.

లోపమూ చెప్పాలి. నాలుగో సినిమాకల్లా వీలునామా ఎవరి దగ్గరుందో మనమే చెప్పేస్తాం. ముసుగు తీసే సీన్‌లో మొహం చూశాక ‘ఓహో’ అనడమే తప్ప ‘అరె, ముందే తెలియాల్సింది కదా’ అనిపించదు. క్లూలు మనకి నిజాయితీగా చూపించరు. నిజంగా భయపెట్టే ఉద్దేశమూ వీటికి పెద్దగా లేదు.

ఇటలీ దారి వేరు

ఇటలీలో హారర్‌కి ముందు మార్కెట్టే లేదు. భయం సినిమా అంటే ఇంగ్లీషువాళ్ళో అమెరికన్లో తీయాలని అక్కడి జనం నమ్మకం. అందుకే దర్శకుడు రికార్డో ఫ్రెడా పోస్టర్ మీద రాబర్ట్ హాంప్టన్ అయ్యాడు, ఆంటోనియో మార్గెరీటి ఆంథొనీ డాసన్ అయ్యాడు, బావా కూడా కొన్నిటికి జాన్ ఎమ్. ఓల్డ్ అని వేసుకున్నాడు. ఈ సినిమాల్లో హీరోయిన్‌గా వేసిన బార్బరా స్టీల్ నిజంగానే ఇంగ్లీషు మనిషి. తమాషా ఏమిటంటే ‘బ్లాక్ సండే’లో వినిపించే గొంతు ఆమెది కాదు.

ఆ సినిమా 1960లో వచ్చింది, రష్యన్ రచయిత గోగోల్ కథ ఒకదాని నీడలో. దర్శకుడిగా బావా పేరు పడిన మొదటి సినిమా అదే. అంతకుముందు ఏళ్ళతరబడి ఆయన కెమెరామన్. మొదటి సీన్‌లో మంత్రగత్తె అని ముద్ర వేసిన రాకుమారికి శిక్ష అమలు చేస్తుంటారు. కంచు ముసుగు లోపలివైపు మేకులుంటాయి. తలారి ఆ ముసుగుని కెమెరా వైపు తెస్తాడు, అంటే మేకులు మన కళ్ళ మీదికే వస్తాయి. ముసుగు పెట్టాక పెద్ద సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ. బ్రిటన్‌లో ఈ సినిమాని 1968 దాకా అనుమతించలేదు. ఇప్పటి లెక్కలో అందులో రక్తం చెంచాడే. అయినా ఆ దెబ్బ పడేటప్పుడు నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను.

బావా ట్రిక్కులు కెమెరా ముందే జరుగుతాయి. మొహం ఒకే షాట్‌లో, కట్ లేకుండా ముసలిదైపోవాలనుకోండి. ముడతలు ఎర్ర రంగుతో గీస్తారు. ఎర్ర లైటు కింద అవి కనిపించవు. లైటుని మెల్లగా ఆకుపచ్చకి మారిస్తే ముడతలు నల్లగా పైకి తేలతాయి. ఫిల్మ్ నలుపు తెలుపు కాబట్టి లైటు రంగు మారినట్టు ప్రేక్షకుడికి తెలియదు. అస్థిపంజరాలని, మాయల్ని తక్కువ ఖర్చులో ఆడించిన విఠలాచార్య సినిమాలు చూసినవాళ్ళకి ఈ పనితనం విలువ ఇట్టే తెలుస్తుంది.

రంగులొచ్చాక ఆయన చేసింది ఇంకా గొప్పది. 1964 నాటి ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’లో ఒక ఫ్యాషన్ హౌస్, అందులో మోడల్స్ ఒక్కొక్కరూ హత్యకి గురవుతుంటారు. హంతకుడికి తెల్ల గుడ్డ ముసుగు, టోపీ, పొడవాటి కోటు. మొహమే ఉండదు. ఒక మోడల్ రాత్రిపూట పురాతన వస్తువుల కొట్లోకి వస్తుంది. బయట ఎక్కడో లైటు వెలిగి ఆరుతుంటుంది, దాంతోపాటు కొట్టంతా ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి ఊదా. కవచాలు, అద్దాలు, విగ్రహాలు చీకట్లోంచి బయటికొచ్చి మళ్ళీ మాయమవుతుంటాయి. వాటిలో ఏది మనిషో ఏది బొమ్మో తెలియదు. ఆమె నిమిషాల తరబడి ఆ రంగుల్లో నడుస్తుంది, ఆగుతుంది, పరిగెత్తుతుంది. టెన్షన్ అంటే అది.

కథ సంగతి అడక్కండి. ఒక డైరీ చేతులు మారుతూ ఉంటుంది, పోలీసు అందరినీ అనుమానిస్తూ ఉంటాడు, అంతే. పాత్రలు అట్టబొమ్మలు. ఆడవాళ్ళ చావుల్ని ఇంత అందంగా చూపించడం ఇబ్బందిగానే ఉంటుంది. దాన్ని కళ అని కొట్టిపారేయలేం. ఆ తర్వాత వచ్చిన జాలోల్లో ఈ జబ్బు బాగా ముదిరింది కూడా.

పక్కపక్కన పెడితే

కథ కోసం చూసేవాళ్ళకి క్రిమీ మేలు. అందులో సందేహం లేదు. ప్రతి పది నిమిషాలకీ ఏదో ఒకటి జరుగుతుంది. ఇటలీ గోథిక్‌లో హీరోయిన్ కొవ్వొత్తి పట్టుకుని కారిడార్‌లో నడుస్తూనే ఉంటుంది. అలసిపోయిన రాత్రి చూస్తే నిద్రొస్తుంది. భయం విషయంలో జర్మనీ దగ్గరకి కూడా రాదు, అది ఇటలీ సొత్తు.

ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని చూడాలంటే అరవైల మొదట్లో వచ్చిన నలుపు తెలుపు క్రిమీలు పెట్టుకోండి. ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ పెట్టుకుని తర్వాత నన్ను తిట్టొద్దు. నవ్వు కావాలన్నా క్రిమీయే. ఎడ్డీ ఆరెంట్ కామెడీ కొందరికి చిరాకు తెప్పిస్తుంది. నాకు మాత్రం అలవాటైపోయింది.

ఏ భాషలో చూడాలన్నది ఎప్పుడూ తెగని గొడవ. క్రిమీలకి జర్మన్ ఆడియో, సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ఆ నటుల గొంతుల్లోనే సగం మజా ఉంది. ఇటలీ సినిమాలకి ఆ పట్టుదల అవసరం లేదు. అక్కడ మాటలన్నీ తర్వాత స్టూడియోలో అతికించినవే, తెర మీద తలా ఒక భాష మాట్లాడేవాళ్ళు. కాబట్టి ‘అసలు గొంతు’ అనేదే లేదు. కానీ ఏ వెర్షన్ చూస్తున్నామో చూసుకోవాలి. 1963లో బావా తీసిన ‘బ్లాక్ సబాత్’లో మూడు కథలున్నాయి. అమెరికాలో విడుదల చేసినవాళ్ళు వాటి వరస మార్చారు, సంగీతం మార్చారు, టెలిఫోన్ కథలో మామూలు మనుషుల మధ్య నడిచే పగని దయ్యం కథగా మార్చేశారు. ఇటాలియన్ వెర్షన్ చివర్లో నటుడు బోరిస్ కార్లాఫ్ గుర్రం మీద దౌడు తీస్తుంటాడు. కెమెరా వెనక్కి జరిగితే అది కొయ్యగుర్రం, చుట్టూ యూనిట్ వాళ్ళు కొమ్మలు పట్టుకుని గుండ్రంగా పరిగెత్తుతుంటారు! అమెరికన్ వెర్షన్‌లో ఈ సీనే లేదు. నన్నడిగితే అది మహాపాపం.

ప్రింట్ గురించి కూడా ఒక మాట. పక్కలు కోసేసి, రంగులు వెలిసిపోయిన పాత కాపీలో క్రిమీ చూసినా కథ అర్థమవుతుంది, పని జరిగిపోతుంది. బావాని అలా చూస్తే చూడనట్టే లెక్క. మంచి రిస్టోర్డ్ కాపీ దొరికేదాకా ఆగడం నయం.

ఈ రెంటిలోనూ ఇమడనివి

ఫ్రాన్స్‌లో జార్జ్ ఫ్రాంజు 1960లో తీసిన ‘ఐస్ వితౌట్ ఎ ఫేస్’ ఈ పోటీలోకి రాదు. కూతురి మొహం పాడైతే, వేరే అమ్మాయిల మొహం చర్మం ఒలిచి అతికించాలని చూసే సర్జన్ కథ. ఆ ఆపరేషన్ సీన్‌ని ఎలాంటి హడావుడీ లేకుండా, ఏదో వైద్య డాక్యుమెంటరీలా చూపిస్తాడు. ఎడిత్ స్కోబ్ తెల్లటి ముసుగులో, కళ్ళతో మాత్రమే నటిస్తుంది. కథలో దమ్ము, చూపులో అందం రెండూ ఇందులో ఉన్నాయి. కానీ దీంతో మొదలుపెడితే మిగతావన్నీ చప్పగా అనిపించే ప్రమాదముంది. కొంచెం ఆగి చూడండి.

స్పెయిన్‌లో హెసూస్ ఫ్రాంకో 1962లో ‘ద ఆఫుల్ డాక్టర్ ఓర్లాఫ్’ తీశాడు, అదీ ఇంచుమించు ఇలాంటి సర్జన్ కథే. చూసినా సరే, చూడకపోయినా సరే. చెకొస్లొవేకియా నుంచి 1969లో వచ్చిన యురాయ్ హెర్ట్స్ ‘ద క్రిమేటర్’ మాత్రం వదలొద్దు. శ్మశానవాటికలో పనిచేసే ఒక మెత్తని మనిషి నాజీల మాటలు నమ్మి ఏమవుతాడో చూస్తుంటే ఏ మంత్రగత్తే గుర్తురాదు.

అయితే ఏది?

ఈ రెంటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఇటలీనే ఉంచుకుంటాను. క్రిమీలు చూసిన వారానికే ఏ ముసుగు ఏ సినిమాలోదో కలిసిపోతుంది. బావా షాట్లు అలా కలిసిపోవు. కానీ మొదలుపెట్టడానికి క్రిమీ మంచిది. ‘డెడ్ ఐస్ ఆఫ్ లండన్’ ఒకటి, 1962లో వచ్చిన ‘ఇన్ ఆన్ ద రివర్’ ఒకటి. ఈ రెండోదాంట్లో హంతకుడు డైవింగ్ సూట్‌లో నీళ్ళలోంచి వచ్చి బల్లెం తుపాకీతో కాలుస్తాడు. ఆ తర్వాత ‘బ్లాక్ సబాత్’లో నీటిబొట్టు కథ. శవం వేలినుంచి ఉంగరం దొంగిలించిన నర్సు, రాత్రంతా ఎక్కడో టప్ టప్ మని పడే చుక్క, ఒక ఈగ. అరగంటలోపే అయిపోతుంది. అది పట్టుకుంటే ‘బ్లాక్ సండే’కి వెళ్ళండి. పట్టుకోకపోతే ఇటలీ మీకు పడదు, క్రిమీలు ఇంకా బోలెడున్నాయి.

ఈ రెండు దారులూ చివరికి కలిశాయి కూడా. అరవైల చివరికి జర్మనీలో క్రిమీలకి జనం తగ్గారు, రియాల్టో వాళ్ళు ఇటలీ నిర్మాతలతో చేతులు కలిపారు. అలా వచ్చిందే 1972 నాటి ‘వాట్ హావ్ యూ డన్ టు సొలాంజ్?’ దర్శకుడు మాసిమో దల్లామానో, సంగీతం ఎన్నియో మొరికోనే. చూపించే తీరంతా జాలో, జర్మనీలో మాత్రం దాన్ని వాలెస్ సినిమాగానే అమ్మారు. ‘డెడ్ ఐస్ ఆఫ్ లండన్’లో ఇన్‌స్పెక్టర్‌గా వేసిన యోఆఖిమ్ ఫుక్స్‌బెర్గర్, అందులో హీరోయిన్‌గా వేసిన కారిన్ బాల్ ఇద్దరూ పదకొండేళ్ళ తర్వాత ఇందులో మళ్ళీ కనిపిస్తారు. ఈసారి ఊరు హాంబర్గ్ కాదు, అసలు లండనే.