పాంచోయ్ లోయా, ఎర్మీటా లోయా: గ్వాటెమాలా రాజధానికి ఏది మేలు?

1773 జులై 29, సాంతా మార్తా పండుగ రోజు. ఆ మధ్యాహ్నం వచ్చిన భూకంపానికి అప్పటి రాజధాని సాంతియాగో నగరం కూలిపోయింది. దుమ్ము అణగకముందే రెండు పక్షాలు తయారయ్యాయి. శిథిలాలు తొలగించి ఇక్కడే కట్టుకుందామన్నది ఒక పక్షం. వీళ్లకు 'తెర్రోనిస్తా'లని పేరు పడింది, అంటే మట్టిగడ్డను పట్టుకుని వేలాడేవాళ్లు. వేరే లోయకు పోదామన్నవాళ్లు 'త్రాస్లాసియోనిస్తా'లు, తరలింపువాదులు. చివరికి గెలిచింది తరలింపువాదులే. పాంచోయ్ లోయలోని పాత ఊరు నేటి ఆంటిగ్వా గ్వాటెమాలా, ఎర్మీటా లోయలోని కొత్త ఊరు నేటి గ్వాటెమాలా సిటీ. గీత గీసి కొలిస్తే ఈ రెంటి మధ్య దూరం దాదాపు 25 కిలోమీటర్లే.

రెండున్నర శతాబ్దాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు లెక్క చూడొచ్చు. భూకంపం నుంచి తప్పించుకోవడమే ఉద్దేశమైతే ఆ తరలింపు వృథా ప్రయాస. రాజధాని పెరగడానికి చోటు కావాలనుకుంటే మాత్రం సరైన పని. అప్పటి వాదమంతా మొదటి కారణం మీద నడిచింది, మిగిలిన ఫలితమేమో రెండోది.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మునిసిపాలిటీ అంటే మనకు పట్టణానికి మాత్రమే ఉండే పురపాలక సంఘం. గ్వాటెమాలాలో 'మునిసిపియో' అలా కాదు. ముఖ్య పట్టణం, చుట్టూ ఉన్న 'ఆల్దేయా'లనే పల్లెలు, పొలాలు, కొండవాలు అన్నీ కలిసి ఒక్క మునిసిపియో. దేశంలో 22 డిపార్ట్‌మెంట్లు, 340 మునిసిపియోలు ఉన్నాయి. ఆంటిగ్వా సకతెపెకెస్ డిపార్ట్‌మెంట్‌కు ముఖ్య పట్టణం. 2018 జనగణనలో ఆంటిగ్వా మునిసిపియో జనాభా సుమారు 46 వేలు, రాజధాని మునిసిపియోది తొమ్మిది లక్షల పైచిలుకు.

అసలు మొదటి ఎంపిక ఆల్మొలోంగా

ఈ రెండు లోయల కంటే ముందు మూడోది ఒకటుంది. 1524లో కాక్చికేల్ అనే మాయా తెగవాళ్ల రాజధాని ఇషిమ్చే దగ్గర స్పెయిన్ వాళ్లు తొలి నగరాన్ని ప్రకటించారు. 1527 నవంబర్‌లో హోర్హే దె అల్వరాదో దాన్ని ఆల్మొలోంగాకు మార్చాడు. అది 3,760 మీటర్ల ఆగ్వా అగ్నిపర్వతం పాదం. 1541 సెప్టెంబర్ 10 రాత్రి, రోజుల తరబడి కురిసిన వానకు నానిన కొండవాలు జారి బురదగా, బండరాళ్లుగా ఊరి మీద పడింది. పదవి చేపట్టి రోజులైనా కాని గవర్నర్ బెయాత్రిస్ దె లా క్వేవా ప్రార్థనామందిరంలోనే చనిపోయింది. శిఖరం మీది సరస్సు తెగిపోయిందని చాలాకాలం చెప్పుకున్నారు గానీ, వాననీటితో నానిన వాలు జారడమే కారణమన్నది ఇప్పటి భూగర్భ శాస్త్రవేత్తల మొగ్గు. కొండ పేరు ఆగ్వా, అంటే నీళ్లు.

పోలికలో ఆల్మొలోంగాకు మార్కులు వేయనక్కర్లేదు. వానాకాలంలో నిటారు అగ్నిపర్వతం కింద, వాగు దారిలో ఊరు కట్టకూడదని చెప్పడానికి అదొక్కటే చాలు. అయినా అక్కడ ఈ రోజు సియుదాద్ వియేహా మునిసిపియో ఉంది, నిండా జనం ఉన్నారు.

నేల కదిలితే

1543లో నగరాన్ని పాంచోయ్ లోయకు తెచ్చారు. ఎత్తు సుమారు 1,530 మీటర్లు, చదును నేల, గళ్ల వీధులు. చుట్టూ ఆగ్వా, ఫ్వేగో, ఆకాతెనాంగో అగ్నిపర్వతాలు. ఇందులో ఫ్వేగో ఇప్పటికీ మండుతూనే ఉంటుంది. 1717, 1751, 1773 భూకంపాలు ఇక్కడ నిర్మాణ పద్ధతినే మార్చేశాయి. ఆంటిగ్వా చర్చిలు పొట్టిగా, లావుగా ఉండటం శిల్పుల అభిరుచి మాత్రమే కాదు. గోడలు మందం, గంట గోపురాలు కురచ, స్తంభాలు బలిసినవి. 1760లలో పూర్తయిన లా మెర్సెద్ చర్చి 1773 భూకంపాన్ని చాలావరకు తట్టుకున్నది ఈ పద్ధతి వల్లే. తెర్రోనిస్తాల వాదానికి ఇదే బలమైన సాక్ష్యం: లోపం చోటులో కాదు, కట్టే తీరులో ఉంది. ఇందులో ఒక చిక్కుంది. లోయ అడుగున నదులు తెచ్చి పోసిన మెత్తటి మన్ను ఉంటుంది. గట్టి రాతినేల మీద కంటే అక్కడ ఊపు ఎక్కువగా తగులుతుంది.

ఎర్మీటాలో ఇంతకంటే మేలైన నేల దొరికిందా? లేదు. ఆ లోయ పుట్టిందే భూమి పొరల్లోని పగుళ్ల వల్ల. పడమట మీక్సో పగులు, తూర్పున పినూలా పగులు, నడుమ నేల కుంగి లోయ అయింది. ఉత్తరాన కొద్ది దూరంలోనే కరేబియన్, ఉత్తర అమెరికా పలకల (భూమి పైపొరలోని కదిలే పెద్ద ముక్కల) హద్దు అయిన మొతాగువా పగులు పోతుంది. పసిఫిక్ వైపు కోకోస్ పలక కిందికి దూరుతుంటుంది. ఇంత పెద్ద యంత్రం కదిలినప్పుడు 25 కిలోమీటర్లు పక్కకు జరగడం ఒక లెక్క కాదు. 1917 నవంబర్‌లో మొదలై 1918 జనవరి దాకా వరసగా వచ్చిన భూకంపాలు కొత్త రాజధానిని నేలమట్టం చేశాయి. 1976 ఫిబ్రవరి 4 తెల్లవారుజామున మొతాగువా పగులు 7.5 తీవ్రతతో కదిలింది. దేశమంతటా సుమారు 23 వేల మంది చనిపోయారు. అందరూ నిద్రలో ఉన్న వేళ, పచ్చి ఇటుకల గోడలు, వాటి మీద బరువైన పెంకుల కప్పు: చావులు పెరగడానికి ముఖ్య కారణం ఇదే. కర్రల చట్రానికి మట్టి మెత్తిన 'బహరేకే' గోడ ఊగుతుంది గానీ పచ్చి ఇటుక గోడలా ఒక్కసారిగా విరిగి పడదు.

భూకంపం పద్దులో రెండూ సమానం. అగ్నిపర్వతం పద్దులో ఎర్మీటా కొంచెం మేలు. ఇక్కడికి బూడిద వస్తుంది, బురద రాదు. 2018 జూన్ 3 ఫ్వేగో పేలుడులో తుడిచిపెట్టుకుపోయిన సాన్ మిగెల్ లోస్ లోతెస్ పర్వతానికి అవతల, ఎస్క్వింత్లా వైపు ఉన్న ఊరు. ఆంటిగ్వా ఆ వాలులో లేదు గానీ మూడు పర్వతాల నీడలో ఉన్న సంగతి మరవలేం.

నీళ్ల దగ్గర మాత్రం తేడా స్పష్టం

పాంచోయ్‌కి నీళ్లు దగ్గర. కొండ ఊటల నుంచి కాలువలు పారేవి, ఇళ్లలో ఫౌంటెన్లు ఉండేవి. సమస్యల్లా ఎక్కువైనప్పుడే. పెన్సతీవో నది కొండల నుంచి మన్ను తెచ్చి మట్టం పెంచుకుంటుంది, వాన గట్టిగా పడితే గట్టు దాటి వీధుల్లోకి వస్తుంది. పూడిక తీయడం ఏటా చేయాల్సిన పని. ఒక్క ఏడు వదిలేస్తే రెండో ఏడు తెలుస్తుంది. ఈ నీరంతా గ్వాకలాతెలో కలిసి పసిఫిక్ వైపు పోతుంది.

ఎర్మీటాది తిరగేసిన కథ. అది రెండు సముద్రాల నీటి విభజన రేఖ మీద ఉంది. ఉత్తర భాగం నీరు లాస్ వాకాస్ నది ద్వారా మొతాగువాలోకి, అట్నుంచి కరేబియన్‌లోకి పోతుంది. దక్షిణ భాగం నీరు వియ్యలోబోస్ ద్వారా అమతిత్లాన్ సరస్సుకు చేరుతుంది. కొన మీద ఉన్న ఊరికి పెద్ద నది ఎక్కడిది? అందుకే మొదట్లోనే పినూలా నుంచి కాలువ కట్టాల్సి వచ్చింది. ఆ కాలువను 'మోంతీకులో దె లా కులేబ్రా' అనే పొడవాటి మట్టికట్ట మీదుగా నడిపారు. ఆ కట్ట స్పెయిన్ వాళ్లది కాదు. రెండు వేల ఏళ్ల కిందట ఇదే లోయలో ఉన్న కమినల్హుయు అనే మాయా జాతి నగరం వాళ్లు పోసింది. ఇప్పుడు నగరపాలక నీటి సంస్థ ఎంపాగ్వా లోతు బావుల మీద, చిమల్తెనాంగో వైపు నుంచి వచ్చే షయా-పిక్స్‌కయా కాలువ మీద ఆధారపడుతోంది. బావుల మట్టం దిగుతూ ఉంటుంది. ఇక లాస్ వాకాస్‌లోకి చేరే నగరం చెత్త మొతాగువా గుండా పోయి పొరుగు దేశం హోండురాస్‌లోని ఓమోవా తీరాన తేలుతుంది. ఒక మునిసిపాలిటీ చెత్త రెండు దేశాల మధ్య గొడవగా మారడం అలా జరిగింది.

లోయలు కోసిన లోయ

చోటు దగ్గర ఎర్మీటాదే గెలుపు. పాంచోయ్ చిన్న గిన్నె లాంటిది, పెరిగే నగరం అందులో పట్టదు. ఎర్మీటా వెడల్పైన పీఠభూమి. కానీ దాని నేల పాత అగ్నిపర్వతాల విస్ఫోటాల్లో పడిన మందపాటి ప్యూమిస్ (నురగలా తేలికైన అగ్నిపర్వత రాయి) బూడిద. పొడిగా ఉంటే నిటారు గోడలా నిలుస్తుంది, నీరు తగిలితే కరిగి జారుతుంది. వాగులు దాన్ని కోసి 'బరాంకో'లనే లోతైన గండ్లు చేశాయి. 1976 తర్వాత పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఆ గండ్ల వాలులే దొరికాయి.

అదే మన్ను నగరం నడిబొడ్డున ఇంకో రకంగా దెబ్బ తీసింది. 2007లో 6వ జోన్‌లో సుమారు వంద మీటర్ల లోతు గుంత పడింది. 2010 మేలో అగాతా తుఫాను తర్వాత 2వ జోన్‌లో ఇంకోటి మూడంతస్తుల కట్టడాన్ని మింగేసింది. పత్రికలు 'సింక్‌హోల్' అన్నాయి గానీ ఇవి సున్నపురాతి నేలలో సహజంగా పడే గుంతలు కావు. భూమిలోని పెద్ద మురుగు గొట్టం పగిలి, నీరు కొంచెం కొంచెంగా ప్యూమిస్‌ను కడిగేసి, కింద గుహ తయారై, పైపొర బరువు ఆగక కూలింది. లోపం మురుగు కాలువ మరమ్మతులో ఉంది.

1773లో ఎవరికి ఏం లాభం?

స్పెయిన్ రాజు ప్రతినిధిగా పాలించే కాప్తాన్ జనరల్ మార్తిన్ దె మయోర్గా తరలింపు వైపు, ఆర్చిబిషప్ పెద్రో కోర్తేస్ ఇ లార్రాస్ ఉండిపోయే వైపు. అది భక్తికీ పరిపాలనకూ మధ్య జగడం మాత్రమే కాదు. మఠాలకు నగరంలోని ఇళ్ల మీద అప్పులు, వడ్డీల రాబడి ఉండేది. ఇల్లు పోయి ఊరూ పోతే ఆ కాగితాలకు విలువేముంది? రాజ ప్రతినిధికి మాత్రం కొత్త ఊరంటే చర్చి పట్టు సడలిన ఊరు. హలాపా లోయను కూడా చూసి పక్కన పెట్టారు. 1776 జనవరి 2న ఎర్మీటాలో నగర సభ తొలిసారి కూర్చుంది. అదే ఏడు మే 23 రాజశాసనంతో ఊరికి 'నూయెవా గ్వాటెమాలా దె లా అసున్సియోన్' అనే పేరు వచ్చింది. ఆర్చిబిషప్ మొండికేసినా 1779లో ఆయన స్థానంలో కొత్తవాడు వచ్చాడు. మోయాల్సిన బరువు మూలవాసుల మీద పడింది. పనివాళ్లు కావాలని హొకోతెనాంగో లాంటి ఊళ్ల జనాన్ని కొత్త నగరం పక్కకు తరలించారు.

తరలింపు సగమే కావడం వల్లే ఆంటిగ్వా మిగిలింది. పేదలు, చేతివృత్తులవాళ్లు, వెళ్లనన్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. డబ్బు పోయింది కాబట్టి కొత్త మేడలు లేవలేదు, శిథిలాలు శిథిలాలుగానే నిలిచాయి. 1979లో యునెస్కో గుర్తించింది వాటినే.

ఇప్పుడు పాలన ఎవరి చేతిలో?

చట్టం రెండు చోట్లా ఒక్కటే, 2002 నాటి మునిసిపల్ కోడ్. నాలుగేళ్లకోసారి అల్కాల్దె (మేయర్), సిండికోలు, కౌన్సిలర్ల ఎన్నిక జరుగుతుంది. సిండికో అంటే మునిసిపాలిటీ తరఫున న్యాయ వ్యవహారాలు చూసేవాడు. సంఖ్య జనాభాను బట్టి ఉంటుంది: లక్ష దాటితే 3 సిండికోలు, 10 మంది కౌన్సిలర్లు, 20 వేల నుంచి 50 వేల మధ్య 2 సిండికోలు, 5 కౌన్సిలర్లు. అల్కాల్దె, సిండికోల పదవులు ఎక్కువ ఓట్లు వచ్చిన జాబితాకే పోతాయి. కౌన్సిలర్ల సీట్లు ఓట్ల దామాషాలో పంచుతారు. అందుకే మేయర్ గెలిచినా సభలో మెజారిటీ లేక తంటాలు పడే పరిస్థితి వస్తుంది. జాతీయ బడ్జెట్ రాబడిలో పదో వంతు రాజ్యాంగం ప్రకారం మునిసిపాలిటీలకు రావాలి. అందులో కనీసం 90 శాతం విద్య, ఆరోగ్య నివారణ, నిర్మాణాలు, సేవలకే ఖర్చు పెట్టాలి. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మిగిలేది కొంచెమే. ఇంటి పన్ను 'ఇఉసి' విలువను బట్టి వెయ్యికి 2, 6, 9 చొప్పున ఉంటుంది.

తేడా అంతా దీని పైన పేర్చిన నియమాల్లో ఉంది. ఆంటిగ్వాలో 1969 నాటి ప్రత్యేక రక్షణ చట్టం కింద ఏర్పడ్డ జాతీయ రక్షణ మండలి ఉంది. ఎత్తు, రంగు, బోర్డు, కిటికీ, పెంకు అన్నింటిలో దాని మాట చెల్లుతుంది. మునిసిపాలిటీ లైసెన్స్ ఒక్కటి చేతిలో పెట్టుకుని పని మొదలుపెడితే ఆగిపోతుంది, కాబట్టి ముందు మండలి ఆమోదమే తీసుకోవాలి. రాజధానిలో 2009 నుంచి అమల్లో ఉన్న స్థల వినియోగ ప్రణాళిక 'పీఓటీ' నేలను జీ-0 నుంచి జీ-5 దాకా విభజించింది. జీ-5 ఎత్తైన కట్టడాల నడిబొడ్డు, జీ-0 కదిలించకూడని గండి వాలు.

అడ్రసు చదవడంలో కూడా రెండు ఊళ్ల స్వభావం కనబడుతుంది. ఆంటిగ్వాలో నడిచి వెళ్లే ఊరి లెక్క: ప్లాజా నుంచి ఏ దిక్కో చెబితే చాలు, '5వ అవెనీదా నోర్తె' అంటే ఐదో నిలువు వీధి, ఉత్తరం వైపు. రాజధానిలో '6వ అవెనీదా 12-34, జోన్ 1' అంటే ఆరో అవెనీదాలో, 12వ వీధి దాటాక, మూల నుంచి దాదాపు 34 మీటర్ల దూరం. జోన్ రాయకపోతే కొరియర్ తిరిగి వెళ్తుంది, ఎందుకంటే అవే నంబర్లు ఇంకో జోన్‌లోనూ ఉంటాయి. జోన్లు 1 నుంచి మొదలై చుట్టలా తిరుగుతూ 25 దాకా పోతాయి, కానీ 20, 22, 23 లేవు. మొత్తం 22.

ఇల్లు కొనేవాళ్లు ఆంటిగ్వాలో మొదట చూడాల్సింది పెన్సతీవోకు ఎంత దూరం, గోడల్లో పచ్చి ఇటుక ఎంత అన్నది. రాజధానిలో గండి అంచు ఎంత దగ్గర, ఇంటి కింద మురుగు గొట్టం ఏ కాలం నాటిది, పీఓటీలో ఆ ప్లాటు ఏ జీ-నంబరు కింద ఉంది అన్నది చూడాలి. 2015 అక్టోబర్ 1న పొరుగు మునిసిపియో సాంతా కతరీనా పినూలాలోని ఎల్ కాంబ్రాయ్ 2 కాలనీ మీద కొండవాలు కూలి 280 మంది చనిపోయారు. ఆ చోటు ప్రమాదకరమని విపత్తు సంస్థ హెచ్చరించాక జరిగిన సంగతి అది.