బైండింగ్‌కు ఐదు స్టార్లు, రిఫరెన్సులకు ఒక్కటే

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర సందులో ఉన్న ఒక డీటీపీ షాపు సంగతి ఇది. పేరు రాయను, ఆ అన్న మంచోడు. ఇంటర్ పిల్లల పరీక్షల ఒత్తిడి మీద నా థీసిస్ అక్కడే టైప్ చేయించాను. మార్జిన్లు, పేజీ నంబర్లు, అట్ట మీద బంగారు అక్షరాలు, దేనికీ వంక పెట్టలేం. చెప్పిన రోజుకే చేతిలో పెట్టాడు.

గొడవంతా చివరి 11 పేజీలతోనే. "రిఫరెన్సులు కూడా ఏపీఏల సెట్ చేస్తం మేడం, టెన్షన్ తీసుకోకుండ్రి" అంటే పేజీకి 30 రూపాయలకు ఒప్పుకున్నాను. ఏపీఏ అంటే చదివిన పుస్తకాలు, వ్యాసాల వివరాలు ఎలా రాయాలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి. గైడ్ సార్ రెండో పేజీ దాటకుండానే వెనక్కిచ్చారు.

కౌన్సెలింగ్ మీద రాసేవాళ్లకు అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957 వ్యాసం తెలియకుండా ఉండదు. జర్నల్ ఆఫ్ కన్సల్టింగ్ సైకాలజీ, 21వ సంపుటం, 95–103 పేజీలు. నా దాంట్లో 95–130 అయింది. జర్నల్ పేరులో 'క్లినికల్' కూడా చేరింది. ఆ మాట చేరిందే 1968లో! ఈ రెండోది షాపు తప్పు కాదు, నాదే. వ్యాసం తెరవకుండా ఓ పాత థీసిస్‌లోంచి ఎత్తుకొచ్చాను. ఆ థీసిస్ రాసినాయన ఎక్కడినుంచి ఎత్తాడో మరి.

మన పేర్లయితే ఇంకా ఘోరం. ఏపీఏలో ఇంటిపేరు పూర్తిగా రాసి, సొంత పేరును పొడి అక్షరం చేస్తారు. మనకేమో ఇంటిపేరే పొడి అక్షరం. దాంతో కె. రాములు ఒకచోట 'కె' కింద, ఇంకోచోట 'ఆర్' కింద ఇద్దరు మనుషులయ్యాడు. చివర రెడ్డి ఉన్న ముగ్గురేమో ఒకే ఇంటివాళ్లలా వరుసగా కూర్చున్నారు. షాపు నమూనా కూడా పాతదే. 2019లో వచ్చిన ఏపీఏ నియమాల ఏడో ఎడిషన్, పుస్తకాలకు ప్రచురణకర్త ఊరు తీసేసింది. నాకు మాత్రం ప్రతి పుస్తకం పక్కనా న్యూఢిల్లీ ఉంది.

చివరికి జొటేరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్ దించుకుని నాలుగు రాత్రులు నేనే కూర్చున్నాను. ఉచితమే. డీఓఐ నంబరు (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొడితే వివరాలు చాలావరకు వాటంతటవే వస్తాయి. అయినా ఒక్కోటి అసలు వ్యాసం మొదటి పేజీతో పోల్చి చూశాను. డీఓఐ లేని పాత తెలుగు పుస్తకాలు చేత్తో కొట్టుకోవాల్సిందే.

దిద్దిన పేజీలు మళ్లీ తీయించడానికి వెళ్తే, అన్న కాగితం డబ్బులే తీసుకున్నాడు. "ఆ సాఫ్ట్‌వేర్ ఏందో నాకూ చూపియ్యుండ్రి మేడం" అన్నాడు. బండి మాత్రం మెయిన్ రోడ్డు మీదే పెట్టి రండి, సందులో పట్టదు.