బయట కొన్న అల్లాయ్ చక్రాలు, హైవే మీద స్టీరింగ్ వణుకు: కొన్నేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడిలో ఉంటూ తరచూ విశాఖపట్నం వెళ్లివచ్చే మాలాంటి వాళ్ల కారు రెండు రకాల రోడ్లకు ఓర్చుకోవాలి. పాతపట్నం మీదుగా టెక్కలి చేరేదాకా గుంతలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఆ తర్వాత 16వ నంబరు జాతీయ రహదారి. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు 2018 నాటి కేంద్ర ప్రకటన అనుమతించింది. చక్రంలో లోపముంటే మొదటి రోడ్డు మీద తెలియదు, రెండో రోడ్డు మీద దాగదు. మా కారుకు కంపెనీ ఇచ్చిన ఉక్కు రిమ్ముల స్థానంలో బయట కొన్న అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమం) చక్రాలు వేయించి కొన్నేళ్లుగా ఈ దారిలోనే నడుపుతున్నాను. చక్రాలు మంచివే. అయితే వాటిని హబ్బు (చక్రాన్ని బిగించే, దానితో పాటు తిరిగే మధ్య భాగం) మీద సరిగా కూర్చోబెట్టనిదే వాటి మంచితనం అనుభవంలోకి రాదన్నది నా అభిప్రాయం.

వేయించిన కొద్ది రోజులకే వణుకు మొదలైంది. ఎనభై లోపు ఏమీ లేదు. ఎనభై అయిదు దాటగానే స్టీరింగ్ సన్నగా కొట్టుకోవడం, తొంభై నుంచి వంద మధ్య అరచేతులు తిమ్మిరెక్కేంతగా పెరగడం, వేగం తగ్గిస్తే మాయం కావడం. ఈ వేగాల్లోనే ఎందుకు వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. 185/65 ఆర్ 15 కొలత టైరు ఒక చుట్టు తిరిగితే కారు రెండు మీటర్లకు కాస్త తక్కువగా ముందుకు పోతుంది. అంటే వంద కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు పద్నాలుగు చుట్లు తిరుగుతుంది. సస్పెన్షన్ కింద వేలాడే చక్రం, హబ్బు, బ్రేకు కలిసి తమంతట తాము ఊగే లయ కూడా సాధారణంగా సెకనుకు పది, పదిహేను ఊపుల మధ్యే ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట చక్రం బరువు పంపకంలో చిన్న తేడా కూడా పెద్ద వణుకవుతుంది. పైగా తేడా పుట్టించే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, యాభైలో ఉన్నదానికి వందలో నాలుగు రెట్లవుతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు వణుకు ఎక్కడ తెలుస్తోందో, ఎప్పుడు వస్తోందో మనమే గమనించుకోవాలి. షెడ్డులో నిలబెట్టిన కారు ఈ సంగతి చెప్పలేదు. స్టీరింగులో తెలిస్తే చాలావరకు ముందు చక్రాలు, సీటులోనూ నేలలోనూ తెలిస్తే వెనుక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే బ్రేకు డిస్కు మందంలో తేడా పడిందని అనుమానించాలి. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు వచ్చి, వదలగానే పోతే ఇంజిను బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటును చూపించాలి. ముప్పై, నలభై వేగంలోనే కారు అటూ ఇటూ ఊగుతుంటే అది బ్యాలెన్సింగ్ (చిన్న వెయిట్లు అతికించి చక్రం బరువును చుట్టూ సమం చేయడం) సంగతి కాదు. టైరు లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు, రిమ్ము బాగా వంగి ఉండవచ్చు. అలాంటి టైరుతో హైవే ఎక్కకూడదు, స్టెప్నీ వేసుకోవాలి. వెనుక బండ్లు లేనప్పుడు తొంభై అయిదులో గేరును న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజిను ఆపకుండా కొన్ని క్షణాలు వదిలి చూశాను. వణుకు అలాగే ఉంది. ఇంజినూ దాని మౌంటింగులూ కారణం కాదని దాంతో తేలింది.

ఆ తర్వాత బ్యాలెన్సింగ్ చేయించాను. మిషన్ మీద నాలుగు చక్రాలకూ సున్నా వచ్చింది. వణుకు మాత్రం పోలేదు. మళ్లీ తీసుకెళ్తే ఆ షాపులో కుర్రాడు, “సున్నా వచ్చీసింది కదా బాబూ, ఇంక చక్రంలో తప్పేటుంటాది? ఎలైన్‌మెంట్ చేయించీండి” అన్నాడు. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే కోణాలు, సరిగా లేకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. అయితే ఒక ప్రత్యేకమైన వేగంలో మాత్రమే వచ్చే వణుకు దానితో నేరుగా రాదు, దానితో పోదు. మన ప్రాంతంలో చాలామంది ఇక్కడే డబ్బు వృథా చేసుకుంటున్నారని చెప్పక తప్పదు.

ముందు చక్రాలను వెనక్కి, వెనుకవి ముందుకు మార్పించి చూసినా తేడా లేదు. ఒక చక్రం చెడితే వణుకు దానితో పాటే చోటు మారాలి. మారలేదంటే లోపం నాలుగింటికీ ఉమ్మడిగా ఉండాలి, లేదా ముందు హబ్బుల దగ్గరే ఉండాలి. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట (వదులు) ఉంటే బేరింగ్ లేదా బాల్ జాయింట్. పక్కల పట్టి ఊపితే ఆట ఉంటే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. రెండు విధాలా బిగువుగానే ఉన్నాయి. చక్రం విప్పాక అసలు సంగతి కంటికే కనిపించింది. మా కారు హబ్బు బొడిపె వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. ఈ అల్లాయ్ మధ్య రంధ్రం 67.1. ఒకే చక్రం చాలా కార్లకు సరిపోవాలని తయారీదారులు రంధ్రాన్ని పెద్దగా ఉంచుతారు. బొడిపె చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ. చక్రాన్ని మధ్యకు తెచ్చే భారమంతా నట్ల వాలు అంచుల మీదే పడుతోంది.

మిషన్ మీద సున్నా ఎందుకు వచ్చిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ చక్రాన్ని మధ్య రంధ్రంలో శంకువు దూర్చి సరిగ్గా కేంద్రంలో బిగిస్తారు. కారు మీద అలాంటి ఆధారమేదీ లేదు. టైరుతో కలిపి పదహారు కిలోల చక్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగినా, రిమ్ము అంచున నలభై గ్రాముల తేడా పడినట్టే. వంద కిలోమీటర్ల వేగంలో ఆ నలభై గ్రాములు ఆరు కిలోల పైచిలుకు బలంతో సెకనుకు పద్నాలుగు సార్లు హబ్బును లాగుతాయి.

దీనికి మందు ఆ ఖాళీని పూరించే హబ్బు రింగు. బయటి వ్యాసం 67.1, లోపలిది 54.1 ఉన్న రింగులు నాలుగు తెప్పించి, హబ్బు ముఖం మీది తుప్పును ఇనుప బ్రష్షుతో గీకించి, చక్రం గాలిలో ఉండగానే నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, దింపాక టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) పూర్తి చేయించాను. ఎంత బిగించాలన్నది ఎవరి కారు పుస్తకంలో వారు చూసుకోవాలి. మన చిన్న కార్లకు ఎక్కువగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గాలి ఒత్తిడితో నట్లు బిగించే తుపాకీతో ఒక్కసారిగా బిగిస్తే చక్రం ఒక వైపుకు ఒరిగి కూర్చునే ప్రమాదముంది. ఆ రోజు నుంచి టెక్కలి దాటాక వందలో కూడా స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. చక్రాలు అమ్మిన దుకాణం ఈ రింగుల మాటే ఎత్తకపోవడం మాత్రం నేను క్షమించలేని విషయం. ఖరీదు చక్రం ధరతో పోలిస్తే ఏపాటిదీ కాదు. ప్లాస్టిక్ రింగులు బ్రేకు వేడికి పగిలే అవకాశముంది కాబట్టి ఘాట్ రోడ్లు దిగేవాళ్లు అల్యూమినియంవి తీసుకోవడం మేలు.

తర్వాత రెండు ఇబ్బందులు వచ్చాయి, రెండూ అల్లాయ్ స్వభావానివే. వానాకాలంలో గుణుపురం వైపు వెళ్లివచ్చాక లోపలి వైపు ఎర్రమట్టి ముద్దగా గట్టిపడి మళ్లీ వణుకు తెచ్చింది. నీళ్ల పైపుతో కడిగితే పోయింది. ఆ కడుగుడులోనే అతికించిన వెయిట్లు ఊడకుండా చూసుకోవాలి. ఇంకోసారి గుంతలో పడి ఒక రిమ్ము లోపలి అంచు వంగింది. జాకీ ఎత్తి, రిమ్ము అంచుకు తాకీ తాకనట్టు ఒక స్క్రూడ్రైవరును ఇటుక మీద ఆన్చి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే, ఒక చోట కొస గీసుకుంటూ, ఎదురు చోట సందు ఇస్తూ కనిపించింది. ఆ సందు మిల్లీమీటరు దాటితే వెయిట్లతో సరిదిద్దాలని చూడటం వృథా. ఉక్కు రిమ్మునైతే మన ఊళ్లోనే కొట్టి సరిచేస్తారు. పోత అల్లాయ్‌కి ఆ పని చేస్తే కంటికి కనబడని పగులు మిగలవచ్చు. నేను ఆ చక్రాన్ని మార్చేశాను.

మైలేజీలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చిన్న సైజుల్లో పోత అల్లాయ్ ఉక్కు రిమ్ము కంటే తేలికగా ఉంటుందన్న నమ్మకమూ లేదు, తూచి చూసి కొనాలి. ఎక్కువ ప్రయాణం హైవే మీదే అయితే, కొలత సరిపోయే రింగులతో కలిపి ఇవ్వమని దుకాణంలో అడిగి ఇవే కొనమంటాను. రాయగడ, గుణుపురం లోపలి ఊళ్లకు రోజూ తిరిగేవాళ్లకు మాత్రం కంపెనీ ఉక్కు రిమ్ములే సరైనవి.